జీతాలకు హద్దు కడితే జట్లు సరితూగుతాయా?

మన పల్లెల్లో పిల్లలు చెడుగుడు ఆడబోయే ముందు జట్లు విడదీసుకొనే పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు నాయకులు ఒకచోట నిలబడతారు. మిగిలినవారిలో బలంలో, నేర్పులో ఇంచుమించు సమానులైన ఇద్దరేసి ఒక ఉజ్జీగా ఏర్పడి, కాస్త దూరం పోయి రహస్యంగా పేర్లు పెట్టుకొని వస్తారు. ఒకడు సూర్యుడు, ఒకడు చంద్రుడు. నాయకుడు ఒక పేరు కోరుకొంటాడు గాని, ఆ పేరు ఎవరిదో అతనికి తెలియదు. ఇలా ఏర్పడిన జట్లు చాలావరకు సరితూగుతాయి. ఏ జట్టు గెలిచేదీ ముందే తెలిసిపోతే ఆటలో రక్తి ఏమున్నది?

ఆట వృత్తి అయినచోట ఈ పద్ధతి చెల్లదు. అక్కడ ఆటగాడు తన నేర్పును అమ్ముకొని జీవిస్తాడు. ఎక్కువ జీతం ఇచ్చే జట్టుకు పోతానంటాడు. ధనిక జట్టు మంచి ఆటగాళ్ళనందరినీ చేర్చుకొంటే మిగిలిన జట్ల గతి ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబుగా అమెరికాలోని నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, సంక్షిప్తంగా ఎన్.బి.ఏ., జట్టు మొత్తం మీద ఇచ్చే జీతాలకు ఒక హద్దు ఏర్పరచింది. ఆ హద్దు కోసం ఆటస్థలాలే మూతబడినాయి. దాని వల్ల జట్లు నిజంగా సరితూగినవా అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

కట్టివేయబడిన ఆటగాళ్ళు

ఈ సంఘం 1946లో వేరొక పేరుతో మొదలైనది. తొలి సంవత్సరం ఒక్కొక్క జట్టు జీతాలకు 55,000 డాలర్ల హద్దు ఉండేది. మరుసటి ఏడే దానిని ఎత్తివేశారు. అయినా ఆటగాడికి స్వేచ్ఛ లేదు. ఒప్పందం ముగిసిన తరువాత కూడా యజమాని అనుమతి లేనిదే అతడు మరొక జట్టులో చేరడానికి వీలులేదు. ఈ కట్టుబాటు లేకపోతే ధనిక జట్లదే రాజ్యమవుతుందని యజమానులు చెప్పేవారు.

కాని జరిగినదేమిటి? 1957 నుండి 1969 వరకు గడచిన 13 పోటీలలో 11 సార్లు బోస్టన్ సెల్టిక్స్ జట్టే విజేత. అందులో 8 విజయాలు వరుసగా వచ్చినవి. ఆటగాళ్ళు కదలకుండా కట్టివేసినంత మాత్రాన జట్లు సమానం కాలేదన్నమాట.

1956లో సైమన్ రాటెన్‌బర్గ్ అనే అర్థశాస్త్రజ్ఞుడు బేస్‌బాల్‌ను పరిశీలించి ఒక సూక్ష్మం చెప్పాడు. ఆటగాడు స్వతంత్రుడైతే తానే ఎక్కువ ధర పలికే చోటికి పోతాడు. కట్టుబడి ఉంటే యజమాని అతనిని అదే చోటికి అమ్ముతాడు. నేర్పు చేరే చోటు ఒకటే. డబ్బు చేరే జేబు మాత్రమే వేరు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలెను.

1970లో ఆటగాళ్ళ సంఘాధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ న్యాయస్థానానికి ఎక్కగా, 1976లో రాజీ కుదిరి, ఆటగాళ్ళకు జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది. కొన్ని జట్లు నష్టాలలో పడినాయి. 1983లో ఉభయులూ ఒప్పందానికి వచ్చారు: జట్టు జీతాలకు హద్దు ఉంటుంది, ప్రతిగా ఆదాయంలో 53 శాతం ఆటగాళ్ళకు దక్కుతుంది. 1984–85లో ఆ హద్దు 36 లక్షల డాలర్లు. అయితే అది గట్టి గోడ కాదు. తన సొంత ఆటగాడిని నిలుపుకోవడానికి జట్టు హద్దు దాటవచ్చునన్న మినహాయింపు ఉన్నది.

రెండు లాకౌట్లు

పని మానినవారు కార్మికులైతే దానిని సమ్మె అంటాము. యజమానే తలుపులు మూసి పని లేకుండా చేస్తే అది లాకౌట్. 1998–99లో యజమానులు అలాగే చేశారు. ఆ ఏడు 82కు బదులు జట్టుకు 50 ఆటలే జరిగినవి. ఒక్కొక్క ఆటగాడి జీతానికి కూడా గరిష్ఠ పరిమితి ఏర్పడింది.

2011 జూలై 1న మళ్ళీ తలుపులు మూశారు. 30 జట్లలో 22 నష్టపోతున్నాయనీ, మొత్తం నష్టం ఏడాదికి 30 కోట్ల డాలర్లనీ యజమానులు అన్నారు. ఆటగాళ్ళు ఆ లెక్కలను ఒప్పుకోలేదు. యజమానులు చెప్పిన రెండవ కారణం జట్ల సమానత్వం. 2010లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌ను విడిచి మయామీలో డ్వేన్ వేడ్, క్రిస్ బాష్‌లతో కలిసిన సంగతి అందరి నోళ్ళలోనూ నానుతున్న రోజులవి.

డిసెంబరు 8న ఒప్పందం ఖాయమై, 25న ఆటలు మొదలైనాయి. ఒక్కొక్క జట్టుకు 66 ఆటలే మిగిలినవి. మొత్తం మీద 240 ఆటలు పోయినవి. వాటితోపాటు ఆటస్థలాలలో టిక్కెట్లు చూసేవారు, తినుబండారాలు అమ్మేవారు, ఊడ్చేవారు తమ కూలిని పోగొట్టుకున్నారు. చర్చల బల్ల దగ్గర వారికి చోటు లేదు.

ఒప్పందంలో ముఖ్యాంశాలు రెండు. మొదటిది, అంతకుముందు 57 శాతంగా ఉన్న ఆటగాళ్ళ వాటా 49–51 శాతానికి తగ్గింది. అప్పటి ఆదాయం సుమారు 380 కోట్ల డాలర్లు. అందులో 7 శాతమంటే దాదాపు 27 కోట్లు. యజమానులు చెప్పిన నష్టంలో ఇంచుమించు అంతా ఈ ఒక్క మార్పుతోనే పూడింది.

రెండవది, విలాసపు పన్ను. హద్దుకు పైన మరొక గీత ఉన్నది. దానిని దాటిన జట్టు పన్ను కట్టాలి. పూర్వం డాలరుకు డాలరు కట్టేవారు. 2013–14 నుండి మొదటి 50 లక్షలకు డాలరుకు 1.50, తరువాతి 50 లక్షలకు 1.75, ఆ పైన 2.50, ఇలా మెట్లు పెట్టారు. ఒక జట్టు 120 లక్షలు మించినదనుకోండి. పూర్వపు పన్ను 120 లక్షలు. కొత్త పన్ను 75, 87.5, 50 కలిపి 212.5 లక్షలు.

నాణెంతో కొలత

సమానత్వాన్ని కొలవడం ఎలా? జట్లన్నీ నిజంగా సమానమైతే ప్రతి ఆటా నాణెం ఎగురవేసినట్లే గదా! 66 సార్లు ఎగురవేస్తే సగటున 33 సార్లు బొమ్మ పడుతుంది. అటూఇటూ ఎంత తేడా రావచ్చునన్నది 66 వర్గమూలంలో సగం, అనగా సుమారు 4. దీనినే క్రమవిచలనం అంటారు. మూడింట రెండు వంతుల జట్లు 29–37 విజయాల మధ్య ఉండవలెను. 25కు దిగువన, 41కి ఎగువన ఉండేవి చాలా అరుదు. తరగతిలో 30 మంది విద్యార్థుల చేత నాణేలు వేయించి ఉపాధ్యాయులు దీనిని సరిచూడవచ్చు.

లాకౌట్ తరువాతి తొలి పోటీలో షార్లట్ జట్టు 7 ఆటలే గెలిచింది. శాన్ ఆంటోనియో, షికాగో జట్లు 50 చొప్పున గెలిచినాయి. కొత్త పన్ను అప్పటికి అమలులోకి రాలేదనవచ్చు. సరే, 2015–16 చూడండి. 82 ఆటలకు సగటు 41, విచలనం నాలుగున్నర. గోల్డెన్ స్టేట్ 73 గెలిచింది, ఫిలడెల్ఫియా 10. నాణేలు ఎన్నిసార్లు ఎగురవేసినా ఇటువంటి అంకెలు రావు.

కొన్నిచోట్ల మందే వికటించింది. ఓక్లహామా సిటీ చిన్న ఊరి జట్టు. 2012లో తుదిపోటీ దాకా వచ్చింది. పన్ను భారానికి జంకి ఆ అక్టోబరులోనే జేమ్స్ హార్డెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చివేసింది. ఏ చిన్న జట్లను కాపాడటానికి నియమం పెట్టారో అందులో ఒకటే ముందుగా నష్టపోయింది. టెలివిజన్ ఆదాయం పెరిగి 2016లో హద్దు 7 కోట్ల నుండి ఒక్కసారిగా 9 కోట్ల 41 లక్షలకు ఎగిరింది. పెంపును కొద్దికొద్దిగా జరుపుదామన్న సూచనను ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. ఆ సందులో కెవిన్ డ్యురాంట్ ఓక్లహామా నుండి, అప్పటికే 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్‌కు చేరాడు. 2017, 2018 విజయాలు ఆ జట్టువే.

కారణం ఆటలోనే ఉన్నది

బాస్కెట్‌బాల్‌లో ఒక వైపున ఐదుగురే ఆడతారు. అందులో ఒక్క మేటి ఆటగాడున్నా ఆట స్వరూపమే మారుతుంది. పైగా ఒక ఆటలో ఒక్కొక్క జట్టుకు సుమారు 100 సార్లు బంతి చిక్కుతుంది. ప్రయత్నాలు పెరిగిన కొద్దీ అదృష్టం పాలు తగ్గుతుంది. ఫుట్‌బాల్‌లో ఒకటి రెండు గోల్సే తీర్పు చెప్తాయి గనుక బలహీన జట్టుకు ఆశ ఉంటుంది. ఇక్కడ ఆ ఆశ తక్కువ. మరొక సంగతి: మిక్కిలి పొడుగైనవారు లోకంలో కొద్దిమందే. అందులో నేర్పరులు ఇంకా తక్కువ. అందువల్ల అందరికీ సమానంగా పంచడానికి మేటి ఆటగాళ్ళు చాలరని 2005లో డేవిడ్ బెరీ, ఆయన సహచరులు వాదించారు. ఇక మేటి ఆటగాడి జీతానికే పరిమితి ఉంటే అన్ని జట్లూ అతనికి ఒకే ధర ఇవ్వగలవు. అప్పుడు అతడు డబ్బును చూడడు. తోడు చూస్తాడు, గెలుపు చూస్తాడు.

అయితే ఈ హద్దు పూర్తిగా వ్యర్థమనడం న్యాయం కాదు. 2019 నుండి 2025 వరకు ఏడు సంవత్సరాలలో ఏడు వేర్వేరు జట్లు విజేతలైనాయి. చివరి విజేత ఆ ఓక్లహామా సిటీయే. 2023 ఒప్పందం పన్ను గీతకు పైన ఇంకొక కఠినమైన గీత గీసింది. 2024 విజేత బోస్టన్ ఆ భారం తగ్గించుకోవడానికి 2025లో కొందరు ముఖ్యమైన ఆటగాళ్ళను వదులుకొన్నది. గెలిచిన జట్టును చెక్కుచెదరకుండా చాలాకాలం నిలుపుకోవడం కష్టమైనది. కాని అదే కాలంలో, 2023–24లో, డెట్రాయిట్ వరుసగా 28 ఆటలు ఓడిపోయింది. ఏటా కొత్త విజేత రావడం ఒక సమానత్వం. ఒకే ఏట జట్లన్నీ సరితూగడం మరొకటి. మొదటిదానికి హద్దు కొంత తోడ్పడి ఉండవచ్చు. రెండవది ఇంకా దూరాననే ఉన్నది.

డబ్బును పంచే పని మాత్రం ఆ నియమం తప్పకుండా చేసింది. రాటెన్‌బర్గ్ చెప్పిన జేబుల సంగతి ఇక్కడ జ్ఞాపకానికి వస్తుంది. ఒక నియమాన్ని ఏ ఉద్దేశం చెప్పి ప్రవేశపెట్టినా, అది చేసిన పనిని అంకెలతో కొలిచి చూడడమే శాస్త్రదృష్టి. సూర్యచంద్రులుగా విడిపోయిన మన పిల్లలు ఉజ్జీలు కుదుర్చుకోగలిగారంటే, ఆ ఆటలో ఎవరి జీతమూ లేదు, ఎవరి లాభమూ లేదు.