మక్కావాసులకు లేఖ నుండి ‘పానశాల’ పీఠిక వరకు

నాయుడుపేటలో రైలెక్కి ఉత్తరంగా వెళితే గూడూరు ఎంతో దూరం కాదు. 2022లో తిరుపతి జిల్లాలో చేరేవరకు నాయుడుపేట కూడ నెల్లూరు జిల్లాలోని పట్టణమే. స్వర్ణముఖి ఒడ్డు నుండి పెన్న ఒడ్డు దాకా పరచుకొన్న ఈ వరిపొలాల సీమలో, గూడూరు ప్రాంతపు రైతు కుటుంబంలో 1895లో దువ్వూరి రామిరెడ్డి జన్మించారు. ‘కృషీవలుడు’ కావ్యకర్తగా, ‘కవికోకిల’గా ఆంధ్రదేశం ఆయనను ఎరుగును. 1947లో మరణించేవరకు ఆయన చేసిన పనులలో ఒకటి ముస్లిం పాఠకుల దృష్టికి రావలసినంతగా రాలేదు. ఆయన స్వయంకృషితో ఫార్సీ నేర్చుకొన్నారు. నేర్చుకొని ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలం నుండి తెనిగించారు. ఆ గ్రంథమే ‘పానశాల’. దానికి ఆయన సుదీర్ఘమైన పీఠిక కూడ వ్రాశారు.

1801లో కర్ణాటక నవాబుల రాజ్యం కుంపిణీ వశమయ్యేవరకు నెల్లూరు సీమ దివాణాలలో ఫార్సీ వాడుకలో ఉండినది. తరువాత అది క్రమంగా కచేరీలను వదలి మదరసాలలో మిగిలింది. గులిస్తాన్, బోస్తాన్ వల్లించే పిల్లలకు తప్ప ఆ భాషతో పనిలేని కాలంలో ఒక రైతుకవి దానిని పట్టుదలతో సాధించారు. ఖయ్యామును తెనిగించడానికి ఇంత శ్రమ అవసరమా? ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఆంగ్ల ప్రతి అప్పటికే లోకమంతా దొరుకుతున్నది. దేశభాషలలో వెలువడిన ఖయ్యాములు అనేకం ఆ ప్రతి నుండి పుట్టినవే. రామిరెడ్డి ఆ దారిన పోలేదు. ఇది ఫలానా మూలం నుండి, ఫలానా విధంగా చేయబడిన గ్రంథమని పాఠకునికి చెప్పే బాధ్యతను ఆయన బరువుగా తీసుకొన్నారు.

గ్రంథకర్త తన గ్రంథాన్ని గురించి లెక్క చెప్పుకొనే ఈ ఆచారం ముస్లిం విద్యాసంప్రదాయానికి కొత్తది కాదు. అన్నిటికంటె స్పష్టమైన ఉదాహరణ హదీసు శాస్త్రంలో ఉన్నది. ‘సునన్’ సంకలనకర్త ఇమామ్ అబూ దావూద్ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 275లో, అనగా క్రీ.శ. 889లో, మరణించారు. ఆయన గ్రంథాన్ని గురించి మక్కావాసులు ప్రశ్నలు పంపగా సమాధానంగా ఒక లేఖ వ్రాశారు. ఆ లేఖ నేటికీ నిలిచియున్నది. అందులో అలంకారం చాలా తక్కువ. గ్రంథంలోని హదీసులు సుమారు 4800 అనీ, అవిగాక ముర్సల్ హదీసులు సుమారు 600 అనీ చెబుతారు. ఒక్కొక్క అధ్యాయంలో ఒకటి రెండు హదీసులే పొందుపరచాననీ, ఆ విషయంపై ప్రామాణికమైనవి ఇంకా ఉన్నప్పటికీ గ్రంథం పెరిగిపోతుందని విడిచిపెట్టాననీ చెబుతారు. తీవ్రమైన బలహీనత ఉన్నచోట దానిని తెలియజేశాననీ, ఏమీ చెప్పక వదలినది స్వీకరించదగినదేననీ అంటారు.

లేఖలో మరొక మాట ఉన్నది. ఏ రచయిత అయినా ఆగి చదువవలసినది. దీర్ఘమైన హదీసును కొన్నిచోట్ల సంక్షేపించడానికి ఆయన చెప్పిన కారణం ఇది: మొత్తం వ్రాస్తే వినేవారిలో కొందరికి అందులోని ధర్మసూక్ష్మం ఎక్కడున్నదో తెలియదు. పాఠకుని చూపు ఎక్కడ పడాలో తెలిసి కత్తిరించినవాడు, కత్తిరించిన సంగతిని దాచలేదు. ఒకే హదీసును రెండుమూడు మార్గాల ద్వారా మళ్ళీ చెప్పినచోట, అందులో ఒక అదనపు మాట ఉన్నందువల్లనే చెప్పానని కూడ విన్నవించారు. ఇంత వినయంగా లెక్క ఒప్పజెప్పిన మనిషే అదే లేఖలో, ఖుర్ఆన్ తరువాత ప్రజలు నేర్వవలసినది ఈ గ్రంథంకంటె మరొకటి తనకు తెలియదని ధైర్యంగా అనడం గమనించదగినది. లెక్క సరిగా ఉన్నవానికే ఆ ధైర్యం చెల్లుతుంది.

ఆయన సమకాలికుడైన ఇమామ్ ముస్లిం (రహ్మ.) లేఖ కోసం ఎదురుచూడలేదు. తన ‘సహీహ్’కు ముందే ముఖద్దిమా వ్రాశారు. ఒకరు కోరగా ఈ పనికి పూనుకొన్నానని మొదలుపెట్టి, ఉల్లేఖకులను మూడు తరగతులుగా విభజించి, ఎవరిని స్వీకరిస్తారో ఎవరిని స్వీకరించరో వివరించారు. ప్రత్యర్థి అభిప్రాయాన్ని గట్టిగా ఖండించేచోట కూడ ఆ వ్యక్తి పేరు వ్రాయలేదు. ఆ పేరు ఎవరిదన్న చర్చ విద్వాంసుల మధ్య శతాబ్దాలుగా సాగుతూనే ఉన్నది. ఇమామ్ తిర్మిజీ (రహ్మ.) తన లెక్కను గ్రంథం చివర ‘ఇలల్’ అనే భాగంలో పెట్టారు. ఇమామ్ బుఖారీ (రహ్మ.) మాత్రం తన నియమాలేమిటో ఎక్కడా వ్రాయలేదు. వాటిని గ్రంథంలో నుండే వెదకి తీయవలసివచ్చింది. ఆరు హదీసు గ్రంథాల నియమాలపై ఇబ్నె తాహిర్ మఖ్దిసీ, ఐదింటి నియమాలపై హాజిమీ ప్రత్యేక పుస్తకాలే వ్రాశారు. ఒక రచయిత మౌనం తరువాతి తరాలకు ఎంత పని పెడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

తెలుగులో ఈ స్థానం అవతారికది. నెల్లూరునేలిన మనుమసిద్ధికి ‘నిర్వచనోత్తర రామాయణం’ అంకితమిస్తూ తిక్కన దాని అవతారికలో రాజు తనను మామా అని పిలిచి కృతి కోరిన వైనం చెప్పాడు. వచనం లేకుండ పద్యాలతోనే కావ్యం నడపదలచిన సంగతినీ తెలియజేశాడు. ఇది రచనావిధానాన్ని గురించిన మాట. కాని తరువాతి అవతారికలలో ఇటువంటి మాటలు పలుచబడి కృతిభర్త వంశవర్ణనమూ, కుకవినిందా పెరిగాయి. ఆ నిందలో ఎవరికీ నష్టం లేదు, పాఠకునికి లాభమూ లేదు.

వంశవర్ణన సైతం ఒక్కొక్కప్పుడు చరిత్రకు పనికివస్తుంది. గోలకొండ సుల్తాను ఇబ్రాహీం ఖుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు రాజ్యమేలాడు. తెలుగు కవులు ఆయనను ఇభరాముడనీ, మల్కిభరాముడనీ పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమైనది. ఆయన కాలపు అధికారి అయిన పటాన్‌చెరు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. సంస్కృత సమాలను విడిచి, అచ్చతెనుగులో మొదటినుండి చివరిదాకా నడిచిన తొలి కావ్యంగా దానికి ఖ్యాతి. అవతారికలో అమీన్‌ఖాను దానధర్మాలూ, ఆయన భార్య బడేబీబీ సద్గుణాలూ వర్ణింపబడినాయి. ఒక ముస్లిం గృహిణి పేరు తెలుగు కావ్యపు ముంగిట గౌరవంగా నిలిచినది ఇక్కడ. తెలుగు భాష తనంతట తానుగా ఒక కావ్యాన్ని మోయగలదా అన్న పరీక్షకు ముస్లిం ప్రభువు అండగా నిలిచాడన్నది తెలుగు ముస్లిములు తమ పిల్లలకు చెప్పవలసిన విషయం. మన పాఠశాల పుస్తకాలలో దీనికి దొరికే చోటు ఒక పంక్తికి మించదు.

ఇక ఖయ్యాం విషయం. నిషాపూరులో 1048లో జన్మించి 1131లో మరణించిన ఈ హకీము బీజగణితవేత్త. 1079లో అమలైన జలాలీ పంచాంగాన్ని నిర్ణయించిన ఖగోళజ్ఞులలో ఒకడు. ఆయనను చూచినవాడైన నిజామీ అరూజీ సమర్‌ఖందీ 12వ శతాబ్ది మధ్యలో ‘చహార్ మఖాలా’ వ్రాశాడు. వ్రాయసకానికీ, కవిత్వానికీ ఏమి సాధన కావాలో చెప్పే గ్రంథమది. కవి కాదలచినవాడు ప్రాచీనుల పద్యాలు ఇరవైవేలు, నవీనుల పద్యాలు పదివేలు కంఠస్థం చేయాలని ఆయన విధించాడు. అటువంటి గ్రంథంలో ఖయ్యాం ప్రస్తావన కవుల ప్రకరణంలో లేదు, జ్యోతిష్కుల ప్రకరణంలో ఉన్నది. రుబాయీల మాటే లేదు.

ఆ హకీము పాశ్చాత్య లోకంలో మధుపాత్ర పట్టిన విలాసిగా ప్రసిద్ధికెక్కడానికి కారణం ఫిట్జెరాల్డ్ అనువాదం. ఆక్స్‌ఫర్డులోని 158 రుబాయీల వ్రాతప్రతి, కలకత్తా నుండి మిత్రుడు కొవెల్ నకలు వ్రాయించి పంపిన మరొక ప్రతి ఆయనకు ఆధారాలు. 1859లో 75 పద్యాలతో, తన పేరు లేకుండ ప్రకటించాడు. రుబాయీలను ఏరి ఒక వరుసలో గుచ్చినట్లు ఆ పీఠికలో ఒప్పుకొన్నాడు. అంతవరకు న్యాయమే. కాని అంతకు రెండేళ్ళ ముందు కొవెల్‌కు వ్రాసిన జాబులో, ఈ పారశీకులతో ఇష్టంవచ్చిన స్వేచ్ఛ తీసుకోవడం తనకు వినోదమనీ, వారికి రూపం దిద్దే కళ కొంత కావలసియున్నదనీ వ్రాశాడు. పాఠకునికి చెప్పినది ఒకటి, మిత్రునికి చెప్పినది మరొకటి. 1899లో హెరన్ అలెన్ ఒక్కొక్క పద్యాన్నీ మూలంతో సరిచూచాడు. 49 పద్యాలకు మాత్రమే ఒక్కొక్క రుబాయీ నేరుగా ఆధారమనీ, 44 పద్యాలు ఒకటికంటె ఎక్కువ రుబాయీలను కలిపి అల్లినవనీ తేల్చాడు. అత్తారు, హాఫిజుల భావాలు ఖయ్యాం పేరున చేరిన పద్యాలు కూడ కొన్ని ఉన్నాయి.

ఫ్రెంచి అనువాదకుడు నికొలా 1867లో ఖయ్యామును సూఫీగా వ్యాఖ్యానించగా, ఫిట్జెరాల్డ్ మరుసటి సంవత్సరపు కూర్పు పీఠికలో దానిని ఖండించాడు. మధువు మధువేనన్నది ఆయన వాదం. ఆ మాట చెప్పినవాడు మూలంలోని పద్యాలకు పద్యాలనే కలిపివేసినవాడని గుర్తుంచుకొంటే వాదం బరువు తగ్గుతుంది.

రామిరెడ్డి ఫార్సీ నేర్చుకోవడం ఎందుకు ముఖ్యమో దీనినిబట్టి గ్రహించవచ్చును. మూలానికి వెళ్ళినంత మాత్రాన చిక్కులు తీరవు. రుబాయీలో ఒక్కొక్క పాదం పదినుండి పదమూడు అక్షరాలకు మించదు. తెలుగు ఉత్పలమాలలో పాదానికి ఇరవై, చంపకమాలలో ఇరవైయొకటి. అంటే నాలుగు పాదాలకు నాలుగు పాదాలే అయినా తెలుగు పద్యం దాదాపు రెట్టింపు పొడవు. మిగిలిన చోటును దేనితో నింపాలి? విశేషణాలతో నింపితే రుబాయీ పదును పోతుంది. భావాన్ని విప్పిచెబితే అది వ్యాఖ్యానమవుతుంది. ప్రాస మరొక చిక్కు. రుబాయీకి ఖాఫియా పాదాల చివర ఒకటి, రెండు, నాలుగు చోట్ల వస్తుంది. మూడవ పాదం విడిగా ఉండి, నాలుగవదానిలో దెబ్బ పడుతుంది. తెలుగు ప్రాస నాలుగు పాదాలలోను రెండవ అక్షరాన ఉంటుంది. చివర మ్రోగవలసినది మొదటికి వస్తుంది. యతి ఒకటి మధ్యలో కాపలా కాస్తుంటుంది. అయినప్పటికీ ‘పానశాల’ పద్యాలు తెలుగునాట నోటికి వచ్చి నిలిచాయి. అవి వృత్తాలు, తెలుగు వృత్తాల నడకనే నడిచాయి. రుబాయీ లయను తేవడానికి ఆయన ప్రయత్నింపకపోవడం మంచి నిర్ణయం. ఫార్సీ ఛందస్సును తెలుగులోకి బలవంతంగా దింపినవారి పద్యాలు ఎవరికీ కంఠస్థం కాలేదు.

ఆ కాలంలోనే మరి ఇద్దరు ఖయ్యామును మూలం నుండి తెలుగులోకి తెచ్చారు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) అరబ్బీ, ఫార్సీ, సంస్కృతాలు మూడింటిలోను ప్రవేశమున్న తెలుగు కవి. కేంద్ర శాసనసభ సభ్యులు కూడ. ఆయన సూఫీ కుటుంబంవారు కావడంతో సాఖీ, షరాబ్ వంటి మాటల వెనుక సంప్రదాయం ఏమి చెబుతుందో పుస్తకాలలో వెదకనక్కరలేదు. విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) చేసినది విచిత్రమైన పని. 1932లో వెలువడిన ఆయన గ్రంథంలో ఫార్సీ మూలం, ఫిట్జెరాల్డ్ ఆంగ్లం రెండూ ఉన్నాయి. రెండింటినీ సంస్కృతంలోకి, అచ్చతెనుగులోకి విడివిడిగా అనువదించారు. మూలానికీ ఆంగ్లానికీ ఉన్న అంతరాన్ని పాఠకుడు తన కళ్ళతో తాను చూచుకోవచ్చును. తెలగన అచ్చతెనుగు మూడున్నర శతాబ్దాలు దాటిన తరువాత ఇలా నిషాపూరును పలికింది.

ఉర్దూలో మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ 1933లో ఆజంగఢ్ నుండి ‘ఖయ్యాం’ను ప్రకటించారు. హకీముగా, గణితవేత్తగా, తత్త్వవేత్తగా ఆయనను నిలబెట్టి, ఆయన పేరున చెల్లుతున్న రుబాయీలలో ఎన్ని ఆయనవన్న ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చిన గ్రంథమది. 1941లో హైదరాబాదుకు చెందిన స్వామి గోవిందతీర్థ ఆంగ్లంలో ఖయ్యాంపై పెద్ద గ్రంథం వెలువరించారు. ప్రాచీన గ్రంథంలో దొరికిన జాతకాన్ని గణించి 1048 మే 18వ తేదీని జన్మదినంగా నిర్ణయించినవారు ఆయనే. నేడు ప్రపంచమంతా వాడుకలో ఉన్న తేదీ అది. ఒక హిందూ సన్న్యాసి గణనను ఇరాను దేశంలోని విద్వాంసులు సైతం స్వీకరించారు.

ఇప్పుడు తెలుగులో ఇస్లామీయ గ్రంథాల అనువాదాలు లెక్కకు మిక్కిలిగా వెలువడుతున్నాయి. వాటిలో చాలావాటికి పీఠిక ఉండదు. ఉన్నా, అందులో ప్రకాశకుని కృతజ్ఞతలే ఉంటాయి. అరబ్బీ నుండి చేసినదా, ఉర్దూ మీదుగా వచ్చినదా, ఆంగ్లం మీదుగా వచ్చినదా, ఏ ముద్రణను అనుసరించారు, ఎక్కడ సంక్షేపించారు అన్నవి పాఠకునికి తెలియవు. ఒక హదీసు తెలుగులో కుదించబడి కనబడితే, కుదించినవారు మూల సంకలనకర్తా, ఉర్దూ అనువాదకుడా, తెలుగు అనువాదకుడా అని పోల్చుకోవడానికి దారి లేదు. ఆ సంగతిని తెలుపడానికి అనువాదకునికి పట్టేది ఒక పుట. అబూ దావూద్ (రహ్మ.) లేఖ మొత్తం ముద్రణలో కొద్ది పుటలే.