ఆటపాకలో గూళ్ల కాలం

దసరా వెళ్లింది, దీపావళి ఇంకా రాలేదు. కైకలూరు దాటి ఆటపాక గట్టు ఎక్కేసరికి అప్పుడే తెలతెలవారుతోంది. కొల్లేరు కంటికంటే ముందు ముక్కుకి తగులుతుంది. చేపల నీసు, తడిమట్టి, కుళ్లుతున్న గుర్రపుడెక్క. పడవెక్కి ఒద్దికగా కూర్చోండి. "నిలబడకండి బాబూ, పక్షులు లేచిపోతాయి" అంటాడు గెడ వేసే పెద్దాయన.

నీళ్లలో నిలబడ్డ చెట్ల మీదా, గూళ్ల కోసం పాతిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు. ఇన్ని పక్షులున్నా గోల లేదేమిటి? పెద్ద గూడబాతులు నోరెత్తడమే అరుదు. పక్కనున్న ఎర్రకాళ్ల కొంగలూ అంతే, ముక్కులు టకటకలాడించడమే వాటి మాట. పిల్లలు పుట్టాక చూడాలి ఇక్కడి సందడి.

ఇంకాస్త దగ్గరికి పోనివ్వండి. ఒక గూడబాతు పుల్ల పట్టుకొచ్చి, రెక్కలు తపతపలాడిస్తూ స్టాండు అంచున వాలింది. గూట్లోని జత మెడ చాచి అందుకుంది. అటు దోపింది, కుదరలేదు. పీకి ఇటు దోపింది. పైముక్కు అంచున వరసగా చుక్కలు, కింద వేలాడే సంచి. మునిగి వేటాడే పక్షి కాదిది, ఈదుతూ ఆ సంచితోనే చేపల్ని తోడుకుంటుంది. లోతులేని నీళ్లు దానికి ప్రాణం.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వాననీరు పల్చగా పరుచుకుని, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే కొల్లేరు సరిగ్గా అలాంటిది. గట్లు పోసి చేపల చెరువులు చేస్తే ఆ పరుచుకోవడమే ఆగిపోతుంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గట్ల మీద బతికిన కుటుంబాల కష్టం చిన్నది కాదు. అయినా నీటి చోటు నీటికి వదలాలనే నేనంటాను. గూళ్లు పోవడం ఇక్కడ కొత్త కాదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల గూళ్లు చూశారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ చెట్లు ఖాళీ అయిపోయాయి.

"అటు చూడండి, నత్తగుల్ల కొంగ" అంటూ పెద్దాయన గెడ ఆపాడు. మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కు దానిది. పక్కనే ఉన్నదానికి సందు లేదు, అది పిల్ల, ముక్కింకా తిన్నగానే ఉంది. పెద్దది బురదలోంచి నత్తను లాగింది. గుల్ల పగలగొట్టలేదు. కింది ముక్కు కొనను మూత కిందికి దూర్చి, కండ తెంపి, లోపలిదంతా బయటికి ఊడదీసి మింగింది. ఖాళీ గుల్ల పక్కన పడేసి మళ్లీ బురద కెలుకుతోంది. పిల్ల దాని వెనకే నడుస్తోంది.