ఉత్తర్వు లేని మర్యాద: ఐర్లండు సంగీత గోష్ఠుల చరిత్ర

ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితమంతా గడిపిన మనకు నియమం అనగానే ఒక కాగితం, దాని మీద నంబరు, తేదీ, అడుగున ఒక అధికారి సంతకం గుర్తుకు వస్తాయి. కాగితం లేని నియమాన్ని ఎవరూ లెక్కచేయరని మనలో చాలామంది అభిప్రాయం. కాని ఐర్లండు దేశంలో డెబ్బై ఎనభై ఏళ్ళుగా ఒక సంగీత ఆచారం ఉన్నది. దానికి జీవో లేదు, సర్క్యులర్ లేదు, తనిఖీ చేసే అధికారి అంతకన్నా లేడు. అయినా దాని నియమాలు ఊరూరా అమలవుతున్నాయి. ఆ నియమాలు ఎలా పుట్టాయో, వాటి వెనుక ఎంత కష్టకాలం ఉన్నదో మన సంఘ సభ్యులకు తెలియజేయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆచారాన్ని అక్కడివారు 'సెషన్' అంటారు. మనం సంగీత గోష్ఠి అనుకోవచ్చు. సాయంత్రం వేళ ఒక పబ్బులో ఒక మూల బల్ల చుట్టూ ఐదారుగురు, ఒక్కోసారి పదిహేనుమంది కూర్చుని తమ దేశపు పాత నృత్య బాణీలను కలిసి వాయిస్తారు. వేదిక లేదు, టిక్కెట్టు లేదు. వాయించేవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. పబ్బు అనగానే మనవాళ్ళు సారా దుకాణం అనుకోనక్కరలేదు. ఐర్లండులో అది ఊరి రచ్చబండ వంటిది. తిండి, టీ కూడా దొరుకుతాయి, పెద్దలూ ఆడవారూ వస్తారు.

ఇది అనాదిగా వస్తున్న ఆచారమని చూసేవారికి అనిపిస్తుంది. బాణీలు పాతవే, రెండు వందల ఏళ్ళు దాటినవీ ఉన్నాయి. గోష్ఠి మాత్రం కొత్తది. పూర్వం పల్లెల్లో ఒక రైతు ఇంటి వంటగదిలో ఇరుగుపొరుగు చేరి నాట్యం చేస్తుంటే, ఒక్క ఫిడేలు వాయించేవాడో ఒక్క వేణువు వాయించేవాడో మూల కూర్చుని వాయించేవాడు. ఇంతమంది బల్ల చుట్టూ చేరి ఒకే బాణీని కలిసి వాయించడం అరుదు. వంటగది నుంచి పబ్బుకు ఈ సంగీతం చేరడానికి ప్రధాన కారణం వలస.

పందొమ్మిదో శతాబ్దం నడుమ వచ్చిన బంగాళదుంపల కరువు తరువాత ఐరిష్ వారు లక్షలాదిగా అమెరికా చేరారు. వారిలో ఫ్రాన్సిస్ ఓనీల్ అనే ఆయన గురించి ఉద్యోగ విరమణ చేసిన మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. కార్క్ జిల్లాలో 1848లో పుట్టి, పదహారో ఏట ఓడ ఎక్కి, 1873లో చికాగో పోలీసు శాఖలో చేరాడు. 1901 నుంచి 1905 వరకు ఆ నగరానికి పోలీసు అధిపతిగా పనిచేశాడు. వేణువు బాగా వాయించేవాడు గాని స్వరాలు రాయడం ఆయనకు రాదు. ఆయన పాడి వాయించి వినిపిస్తే, అదే శాఖలో పనిచేసిన జేమ్స్ ఓనీల్ రాసిపెట్టేవాడు. ఐర్లండు నలుమూలల నుంచి వచ్చిన వలసదారులు, తోటి పోలీసులు తమకు తెలిసినవి చెప్పారు. అలా 1903లో 1850 బాణీలతో ఒక గ్రంథం, 1907లో 1001 నృత్య బాణీలతో మరొకటి వెలువడ్డాయి. విరమణ తరువాత కూడా ఆయన ఊరుకోక 1910లోనూ 1913లోనూ ఆ సంగీతం గురించి, కళాకారుల గురించి పుస్తకాలు రాశాడు. నేటికీ ఏదైనా బాణీ విషయంలో సందేహం వస్తే చాలామంది తెరిచేది ఆయన గ్రంథమే. ఒక ప్రభుత్వోద్యోగి తీరిక వేళల్లో చేసిన పని ఒక జాతి సంగీతానికి రికార్డు గది అయింది.

1920ల నాటికి గ్రామఫోను వచ్చింది. స్లైగో జిల్లా నుంచి న్యూయార్కు వెళ్ళిన మైకేల్ కోల్మన్ అనే ఫిడేలు విద్వాంసుడి రికార్డులు సముద్రం దాటి తిరిగి ఐర్లండు పల్లెలకే చేరాయి. ఆయన ఒక రికార్డులో ఏ బాణీ తరువాత ఏ బాణీ వాయించాడో, అదే వరుసలో ఈనాటికీ గోష్ఠుల్లో వాయించేవారున్నారు.

ఇంతలో స్వదేశంలో ఒక దెబ్బ తగిలింది. 1935లో వచ్చిన నృత్యశాలల చట్టం ప్రకారం బహిరంగ నృత్యాలకు న్యాయస్థానం నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఇళ్ళలో జరిగే నృత్యాల మాట చట్టంలో లేకపోయినా, చాలా చోట్ల చర్చి గురువులూ పోలీసులూ ఆ పేరు చెప్పి వాటినీ ఆపించారు. రాసిన దానికంటే అమలు ఎక్కువైతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. వంటగది వాయిద్యం చాలా ఊళ్ళలో క్రమంగా తగ్గిపోయింది.

తరువాత మరో వలస. 1950లలోనే సుమారు 4 లక్షల మంది ఐర్లండు విడిచిపోయారు. ఎక్కువమంది చేరింది ఇంగ్లండు. యుద్ధంలో దెబ్బతిన్న లండన్ నగరాన్ని తిరిగి కట్టే పనుల్లో కూలీలుగా కుదిరారు. ఉన్నది అద్దె గది, అందులో ఇద్దరు ముగ్గురు. నలుగురిని పిలిచి వాయించుకోవడానికి వంటగది ఎక్కడిది? అందుచేత 1940ల చివరి నుంచి కామ్డెన్ టౌన్, కెంటిష్ టౌన్ పేటల పబ్బుల్లో కలుసుకోసాగారు. ఒకడిది క్లేర్, ఒకడిది కెర్రీ, ఇంకొకడిది స్లైగో. ఎవరి శైలి వారిది. అందరికీ వచ్చిన బాణీ ఏది అని వెతుక్కుని, దాన్ని కలిసి వాయించారు. నేటి గోష్ఠి రూపం అక్కడ కుదురుకున్నది. ఇంటి మీద బెంగతో కట్టుకున్న చావడి అది.

స్వదేశంలో 1951లో 'కోల్తస్' అనే సంస్థ ఏర్పడి, ఆ ఏడే మల్లింగార్ పట్టణంలో తొలి సంగీతోత్సవం జరిపింది. పోటీలు ముగిశాక కళాకారులు వీధుల్లోనూ పబ్బుల్లోనూ గుంపులుగా చేరి వాయించారు. ఆ ఉత్సవం ఏటేటా పెరిగి ఇప్పుడు లక్షల మందిని రప్పిస్తున్నది. లండన్ అలవాటు, ఉత్సవపు అలవాటు కలిసి 1960ల నాటికి గోష్ఠి దేశమంతటా పాకింది.

ఇక వాద్యాల సంగతి. గోష్ఠిలో ఏ వాద్యం ఎంతవరకు చెల్లుతుందన్నది హోదాను బట్టి గాక ధ్వనిని బట్టి ఉంటుంది. అందరూ ఒకే బాణీని ఏకస్వరంగా వాయిస్తారు గనుక బాణీ స్పష్టంగా వినిపించడమే ముఖ్యం. అందులో పెద్దపీట ఫిడేలుది. మన వాయులీనమూ ఇదే వాద్యం. ఐరోపా వారి వద్ద చూసి బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతానికి తెచ్చిన ఫిడేలునే మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు శిఖరానికి చేర్చారు. మనవారు నేల మీద కూర్చుని పాదం మీద ఆనించి వాయిస్తారు, వారు కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకుంటారు.

తరువాత కొయ్య వేణువు. 1847లో జర్మనీకి చెందిన బోయమ్ లోహపు ఫ్లూటు రూపొందించాక పెద్ద వాద్యబృందాల వారు క్రమంగా పాత కొయ్యవి వదిలేశారు. అవి చవకగా పల్లెవాసుల చేతికి వచ్చాయి. తగరపు ఈల ఇంకా చవక. ఇంగ్లండులో క్లార్క్ అనే ఆయన 1843 నుంచి తయారుచేసిన ఈ ఈలతోనే నేటికీ పిల్లలు సాధన మొదలుపెడతారు. 'ఇలియన్ పైపుల'ను నోటితో ఊదరు. ఒక మోచేతి కింద చిన్న కొలిమితిత్తి, మరో మోచేతి కింద గాలిసంచీ పెట్టుకుని కూర్చుని వాయిస్తారు. సైనిక కవాతుల్లో వాయించే స్కాట్లండు పైపుల మోత గదిలో భరించలేము. ఇవి మృదువైనవి కాబట్టి గదిలో ఇమిడాయి. 2017లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కన్సర్టీనా, అకార్డియన్, బాంజో కూడా బాణీ వాయించేవే.

లయ వాద్యాల దగ్గరే చిక్కు. 'బౌరాన్' అనేది మేకతోలు బిగించిన పలక, ఇంచుమించు మన డప్పు వంటిది. పూర్వం ఎక్కువగా డిసెంబరు 26న ఊరేగే పగటివేషాల వారి చేతిలో ఉండేది. 1960 ప్రాంతంలో షాన్ ఓ రియాడా అనే స్వరకర్త తన బృందంలో దానికి చోటిచ్చాడు. అప్పటి నుంచి అది కొని తెచ్చుకునేవారు ఎక్కువయ్యారు, నేర్చుకునేవారు తక్కువయ్యారు. అందుకే ఒక గోష్ఠికి ఒక్క బౌరాన్ చాలునన్నది మర్యాద. రెండోవారు వస్తే వంతులు వేసుకోవాలి. గిటారుకు, 1960ల నడుమ గ్రీసు నుంచి వచ్చిన బూజూకీకి కూడా ఇంచుమించు ఇదే నియమం. ఇద్దరు చెరొక విధంగా శ్రుతులు మీటితే బాణీ మధ్యలో నలిగిపోతుంది.

మిగిలిన మర్యాదలు కూడా ఇటువంటి కారణాల మీదే నిలిచాయి. కొత్తగా వచ్చినవారు వాద్యం పెట్టెలోంచి తీయకముందే అడగాలి. బల్ల దగ్గర ఖాళీగా కనిపించే కుర్చీ ఎప్పుడూ వచ్చే పెద్దాయనది కావచ్చు. బాణీ రాకపోతే చేతులు కట్టుకుని వినాలి. సగం వచ్చిన దాన్ని అక్కడే తడుముకోరాదు, ఇంటికి వెళ్ళి సాధన చేయాలి. రెండు మూడు బాణీలను ఒక దండగా గుచ్చి, ఒక్కొక్కటి సాధారణంగా మూడుసార్లు వాయిస్తారు. ఎవరు ఎత్తుకుంటే వేగం వారిది, తరువాతి బాణీ ఎంపికా వారిదే. ఎంత విద్వాంసుడైనా మధ్యలో వేగం పెంచరాదు. విలంబ గీతం ఒక్కరే వాయించాలి. ఎవరైనా పాట అందుకుంటే మొత్తం పబ్బు నిశ్శబ్దమైపోతుంది. ఇతరుల వాద్యాన్ని అడగకుండా ముట్టుకోరాదు, సెల్‌ఫోనులో రికార్డు చేసుకోవాలన్నా అడిగే చేయాలి.

వీటన్నిటిలో గొప్పది మరొకటి ఉన్నది. మూల కూర్చున్న పదేళ్ళ పిల్లను ఒక పెద్దాయన 'నువ్వొకటి ఎత్తుకో తల్లీ' అన్నట్టు ఆహ్వానిస్తాడు. ఆ పిల్ల తగరపు ఈల మీద తనకు వచ్చిన నాలుగు బాణీల్లో ఒకటి నెమ్మదిగా ఎత్తుకుంటుంది. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవారు కూడా ఆ పిల్ల వేగానికే తగ్గి ఆమె వెంట వాయిస్తారు. వేగం ఎత్తుకున్నవారిదన్న నియమం అప్పుడు పిల్లకు కూడా వర్తిస్తుంది.

ఇవి మితిమీరినా ముప్పే. కొన్ని గోష్ఠుల్లో పాతవారు కొత్తవారిని పలకరించరన్న ఫిర్యాదు ఉన్నది. సీనియారిటీ గర్వం ఒక్క మన ఆఫీసుల్లోనే ఉంటుందనుకోవడం పొరపాటు. నియమం వదులైతే బాణీ మోతలో మునిగిపోతుంది, మరీ బిగిస్తే నేర్చుకునే పిల్లలు రారు. ఈ రెంటి మధ్య తూకం చూడటం ప్రతి ఊరి పెద్దల బాధ్యత అయింది.

చోటు ఉంటుందా అన్నది మరో చింత. 2020లో కరోనా వచ్చి పబ్బులు మూతపడ్డాయి. కంప్యూటర్ల ద్వారా కలిసి వాయించబోతే ధ్వని క్షణంలో కొద్ది భాగం ఆలస్యంగా చేరి ఏకస్వరం కుదరలేదు. ఎదురెదురుగా కూర్చుంటే తప్ప ఇది సాగదని అందరికీ అర్థమైంది. డబ్లిన్‌లో సంగీతానికి పేరుపడ్డ 'కాబుల్‌స్టోన్' పబ్బు ఉన్న చోట హోటలు కట్టాలని 2021లో ప్రతిపాదన వస్తే, జనం వాద్యాలతో ఊరేగి నిరసన తెలిపారు. ఆ నవంబరులో నగరపాలక సంస్థ అనుమతి నిరాకరించింది.

మన సభ్యుల పిల్లలు కొందరు నేడు ఐర్లండులో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని చూడబోయే పెద్దలు ఒక సాయంత్రం టీ తెప్పించుకుని గోష్ఠి దగ్గర కూర్చోవచ్చు. ఎవరూ అభ్యంతరం చెప్పరు. పాట వచ్చినప్పుడు మాత్రం మాట ఆపాలి. ఇక్కడే ఉండేవారికి ఓనీల్ గారి జీవితం ఒక సూచన. మనకు తెలిసిన పాటలూ పద్యాలూ ఆచారాలూ మనతోనే పోకుండా, రాయడం రాకపోతే రాసేవారిని పక్కన కూర్చోబెట్టుకుని అయినా మనుమలకు అప్పగించాలి.