జాతిలువి: పై రైతు కింది రైతుకు నీళ్లెందుకు ఇచ్చాడు?

బాలి అనగానే మనవాళ్లకు బీచ్ ఫొటోలు, హనీమూన్ ప్యాకేజీలే గుర్తొస్తాయి. ఇండోనేషియాలోని ఆ ద్వీపంలో, బతుకరు అనే కొండ వాలు మీద జాతిలువి అని ఒక వరి ఊరుంది. మనలాగే కాలువ నీళ్ల మీద బతికే ఊరు. ఆ ఊరి సంగతి, అక్కడి కాలువల చరిత్ర మన రైతులందరికీ తెలియాలని రాస్తున్నా. పోస్టు కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

బతుకరు కొండ ఎత్తు 2,276 మీటర్లు. దాని వాలంతా మెట్లు మెట్లుగా చెక్కిన మళ్లే. పెద్ద చదును మడి ఎక్కడా కనపడదు. పై మడి నిండితే కింది మడికి, అది నిండితే ఇంకో మెట్టు కిందికి, ఇలా నీళ్లు దిగుతాయి. జాతిలువి ఆయకట్టు సుమారు 300 హెక్టార్లు, అంటే మన లెక్కలో 740 ఎకరాలు. కొండ వాగుల నీళ్లే ఆధారం.

అక్కడ ఒకే కాలువ కింద సాగు చేసే రైతులంతా కలిసి ఒక సంఘం. దాన్ని సుబాక్ అంటారు. ఇది ఊరి పంచాయతీ కాదు. ఊరి హద్దులతో పని లేదు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదే లెక్క. ఈ పద్ధతి 9వ శతాబ్దం నుంచీ ఉందని చెబుతారు. 11వ శతాబ్దపు శాసనాల్లో సుబాక్ మాట కనపడుతుంది. అంటే మన కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు కట్టక ముందే అక్కడ రైతులు సంఘం పెట్టుకుని నీళ్లు పంచుకుంటున్నారు.

సుబాక్ పెద్దను పెకసే అంటారు. రైతులే ఎన్నుకుంటారు. మన చెరువుల కింద నీరటి చేసిన పని కొంత, నీటి సంఘం అధ్యక్షుడి పని కొంత కలిపితే ఆయన. నీళ్ల పంపకానికి గేట్లు, తాళాలు లేవు. కాలువ చీలే చోట అడ్డంగా ఒక చెక్క దుంగ వేస్తారు. దానికి గాట్లు పెడతారు. ఎవరి వాటా ఎంతో ఆ గాటు వెడల్పు అంత. కాలువ నిండుగా వచ్చినా, సగమే వచ్చినా ఎవరి వాటా వాళ్లకే పోతుంది. ఎవరైనా గాటు పెద్దది చేస్తే కంటికి కనపడుతుంది, జరిమానా పడుతుంది.

ప్రతి సుబాక్‌కూ నీటి గుడి ఉంటుంది. అక్కడ వరి తల్లి పేరు దేవి శ్రీ. పేరు వింటే మన శ్రీదేవే అనిపిస్తుంది కదా. నారు ఎప్పుడు పోయాలి, నాట్లు ఎప్పుడు వేయాలి, పొలాలు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచాలి అన్నవి ఆ గుడి దగ్గర జరిగే సమావేశాల్లో, పండుగల లెక్కతో తేలుతాయి. ఒకే వాగు మీద ఉన్న సుబాక్‌లు పెద్ద గుడి దగ్గర కలిసి, ఏ వరుసలో ఎవరు నాటాలో అనుకుంటారు.

ఇక్కడ మనకు ఒక అనుమానం రావాలి. కాలువ పైన ఉన్నవాడికి నీళ్లు ఎలాగూ అందుతాయి. కింద శివారు వాడి కోసం వాడెందుకు ఆగుతాడు? దేవుడి భయమేనా? మన దగ్గరా గుళ్లకు కొదవ లేదు, భక్తికీ కొదవ లేదు. అయినా ఆగస్టు వచ్చేదాకా శివారు పొలాలకు నీళ్లు చేరవు.

దీనికి జవాబు 1970ల్లో దొరికింది. మంచిగా కాదు, దెబ్బ తిని దొరికింది.

అప్పట్లో ఇండోనేషియా బయటి నుంచి బియ్యం కొనుక్కుంటున్న దేశం. అక్కడి సర్కారు కొత్త వంగడాలు తెచ్చింది. మన పెద్దవాళ్లు పండించిన ఐ.ఆర్.8 కూడా అందులో ఉంది. విత్తనం, ఎరువు, పురుగుమందు కలిపి అప్పు మీద ఇచ్చారు. పంట కాలం తక్కువ కాబట్టి, గుడి లెక్కలు చూడకుండా వీలైనన్ని సార్లు నాటమన్నారు. బాలిలో చాలా చోట్ల ఎవరికి వీలైనప్పుడు వాళ్లు నాటారు. మొదట్లో దిగుబడి నిజంగానే పెరిగింది. ఆ మాట దాచనక్కర్లేదు.

తర్వాత ఏమైంది? ఒక పొలం కోతకొస్తే పక్క పొలం పిలకల మీద, ఇంకోటి నారుమడి. ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట పచ్చగా వరి. పురుగుకు అంతకంటే ఏం కావాలి? సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టారు. దోమను తినే సాలీళ్లు చచ్చాయి, దోమ ఇంకా పెరిగింది. సుడిదోమను తట్టుకునే ఐ.ఆర్.36 తెచ్చారు, దానికి టుంగ్రో తెగులు తగులుకుంది. నీళ్లకూ తగాదాలు, ఎందుకంటే అందరికీ అన్ని రోజులూ కావాలి.

స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికా పరిశోధకుడు, జేమ్స్ క్రీమర్ అనే జీవావరణ శాస్త్రవేత్త కలిసి బాలిలో రెండు నదుల కింద ఉన్న 172 సుబాక్‌లను కంప్యూటర్‌లో లెక్క కట్టారు. అందరూ ఒకే రోజు నాటితే పురుగు తగ్గుతుంది, కానీ నీళ్లు చాలవు. ఎవరికి వారు నాటితే నీళ్లు సర్దుకుంటాయి, కానీ పురుగు మింగేస్తుంది. ఈ రెంటికీ మధ్య దారి ఒకటుంది. కొన్ని సుబాక్‌లు కలిసి ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి ఖాళీగా ఉంచాలి. మంచి దిగుబడి అక్కడే వచ్చింది. గుళ్లు పెట్టిన వరుస కూడా దాదాపు అదే.

పై రైతు ఎందుకు ఆగుతాడో ఇప్పుడు చూడండి. పై రైతుకు నీళ్ల భయం లేదు, పురుగు భయం ఉంది. కింది రైతుకు పురుగు కంటే నీళ్ల భయం ఎక్కువ. పైవాడు నీళ్లు వదిలితే కిందివాడు తనతోపాటే నాటగలడు, తనతోపాటే కోయగలడు. ఇద్దరి పొలాలూ ఒకేసారి ఖాళీ అయితే పురుగుకు తిండి ఉండదు. కోతలయ్యాక అక్కడ మళ్లలో బాతులను తోలుతారు, మన నెల్లూరు వైపు తోలినట్టే. అంటే పైవాడు చేసేది దానం కాదు, తన చేను కాపాడుకోవడమే.

1986లో ఇండోనేషియా అధ్యక్షుడు వరిలో 57 రకాల పురుగుమందులు నిషేధించారు. మందుల మీద ఇచ్చే రాయితీ కూడా కొద్ది ఏళ్లలో తీసేశారు. 1989లో రైతులను చేలోనే కూర్చోబెట్టి, మిత్ర పురుగేదో శత్రు పురుగేదో లెక్కపెట్టించే బడులు మొదలుపెట్టారు. వాళ్ల భాషలో దాని పేరుకు అర్థం పొలం బడి. అవును, మన దగ్గర వ్యవసాయ శాఖ నడిపే పొలంబడి అక్కడ పుట్టిందే.

ఇక మళ్లీ జాతిలువికి వద్దాం. ఆ ఊరు పాత ఎర్ర వరిని వదల్లేదు. ఏడాదిలో మొదటి పంటగా ఆ పొడుగు వంగడాన్నే అందరూ కలిసి వేస్తారు. దానికి ఐదారు నెలలు పడుతుంది. రెండో పంటకు కొత్త వంగడాలు వేస్తారు. కొత్త విత్తనం మీద వాళ్లకు పగ లేదు. కలిసి నాటే కట్టుబాటు మాత్రం పోనివ్వలేదు. 2012లో యునెస్కో బాలి సుబాక్‌లను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, అందులో జాతిలువి మళ్లు ఉన్నాయి.

అలాగని అక్కడ అంతా బాగుందని కాదు. ఆ మళ్లు చూడటానికి టూరిస్టులు వస్తారు, హోటళ్లు వస్తాయి, భూమి ధర పెరుగుతుంది. పిల్లలు వ్యవసాయం వదిలి హోటల్ పనికి పోతున్నారు. బాలి అంతటా వరి భూమి తగ్గుతోంది. నడుమ ఒక మడి ఇల్లయితే కాలువ తెగుతుంది, కింద మళ్లన్నీ ఎండుతాయి. సుడిదోమను దాటిన కట్టుబాటు ప్లాట్ల ధరను దాటుతుందా అన్నది ఇప్పుడు వాళ్ల ముందున్న ప్రశ్న.

మన కాలువ కింద చెక్క దుంగలు పెట్టమని నేననను. మన భూమి వేరు, కాలువ వేరు. కానీ ఒక పని మన చేతిలోనే ఉంది. నారు పోసే తేదీ ఊరంతా కూర్చుని అనుకోవచ్చు. పై ఊరు జూన్‌లో, శివారు ఆగస్టులో నాటితే సుడిదోమకు మనమే వరసగా విస్తళ్లు వేసినట్టు. ఎగువన ఉన్న అన్నలు ఈసారి దోమ మందుకు పెట్టిన ఖర్చు ఒకసారి లెక్క చూసుకోండి. శివారు తమ్ముడికి పది రోజులు ముందు నీళ్లు వదిలితే అందులో ఎంత మిగిలేదో ఆలోచించండి.

మీ కాలువ కింద మొదటి నాటుకూ చివరి నాటుకూ ఎన్ని రోజుల తేడా ఉందో రాయండి. ఊరూరా లెక్క తెలిస్తే వచ్చే సార్వాకు ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు.