కడబంతి కథ: ప్రేమవిందు పుట్టుపూర్వోత్తరాలు

క్రిస్మస్ కరపత్రంలో ప్రసంగీకుల ఫోటోలు, క్వాయర్ పేరు అన్నీ అయ్యాక అడుగున ఒక వరుస తప్పనిసరిగా ఉంటుంది: ఆరాధన అనంతరం ప్రేమవిందు. మా చిన్నప్పుడైతే చర్చి వెనక గాడిపొయ్యి తవ్వి డేగిసాలు ఎక్కించేవారు. ఈతచాపల మీద బంతులు బంతులుగా కూర్చోబెట్టి వడ్డించేవారు. ఇప్పుడు చాలాచోట్ల గేటు దగ్గర టోకెన్ ఇస్తే బిర్యానీ ప్యాకెట్ చేతిలో పెడుతున్నారు. తినేది ఇంటికెళ్లాకే.

ప్రేమవిందు అన్న మాట కొత్త నిబంధనలోని యూదా పత్రికలో ఉంది. ఒక్కటంటే ఒక్కటే అధ్యాయమున్న పత్రిక. అందులోనూ ఆ మాట వచ్చేది మెచ్చుకోలులో కాదు, చీవాట్లలో. విందులో చేరి తమ పొట్ట మాత్రమే చూసుకునేవాళ్లను దులిపేసే చోట వస్తుంది. గ్రీకులో ‘అగాపే’ అంటే ప్రేమ. ఆ ప్రేమే ఆ భోజనానికి పేరైంది. ఈ విందు చరిత్ర పొడుగునా ఇదే తంతు. తొలి సంఘం ఎలా కలిసి తినేదో మనకు తెలిసేది ఎక్కువగా సణుగుళ్ల వల్ల, దర్యాప్తుల వల్ల, నిషేధాల వల్ల.

మన ప్రసంగాల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం తరచూ వినిపిస్తుంది. ఆస్తులు అమ్మి పంచుకోవడం, ఇంటింటా రొట్టె విరవడం అంతా అక్కడే ఉంది. ఆరో అధ్యాయం దగ్గర మాత్రం త్వరగా దాటేస్తాం. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటాం కదా, అక్కడ సమస్య సరిగ్గా అదే. వడ్డించేవాడు వాళ్లవాడు కాదు. అపొస్తలులు ఓపిక పట్టమని ప్రసంగం చెయ్యలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నికానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు అనే ఏడూ గ్రీకు పేర్లే. చివరివాడు పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుమతంలో కలిసినవాడు. ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే గరిటె వెళ్లిందని ఆ పేర్ల వరుసే చెబుతోంది. కమిటీ వేసి నివేదిక అడగడం కన్నా ఇది చాలా తేలిక, చాలా కష్టం కూడా.

పాతికేళ్లు గడవకముందే కొరింథులో గొడవ ఇంకో రూపం ఎత్తింది. అప్పటికి చర్చి భవనాలు లేవు, కాస్త కలిగినవాళ్ల ఇళ్లలోనే కూడుకునేవారు. రోమన్ ఇళ్లలో భోజనాల గదికి మూడు వైపులా మూడు మంచాలు ఉండేవి. ఎడమ మోచేతి మీద ఆనుకుని పడుకుని తినేవారు. మామూలుగా ఆ గదిలో తొమ్మిదిమందికి చోటు. మిగిలినవాళ్లు ముందు వసారాలోనే సర్దుకోవాలి. తీరిక ఉన్నవాళ్లు ముందే వచ్చి మంచాలెక్కి ఉంటారు. యజమాని పని తెమిల్చి పరుగున వచ్చిన బానిసకు, రేవులో బరువులు మోసి వచ్చిన కూలికి అడుగంటిన గిన్నెలు మిగిలేవని ఊహించడం కష్టం కాదు. ఒకడు ఆకలితో ఉంటున్నాడు, ఇంకొకడు మత్తులో ఉంటున్నాడని పౌలు సుమారు 54లో ఘాటుగా రాశాడు. ఆయన చెప్పిన మందు రెండు మాటలు: ఒకరి కోసం ఒకరు ఆగండి, అంత ఆకలైతే ఇంట్లో తిని రండి.

మొదటి మాట విందును నిలబెట్టేది. రెండోది, నా మట్టుకు నాకు, తెలియకుండానే విందుకు తలుపు మూసింది. కడుపు నింపే భోజనం ఇంటికి, రొట్టె ముక్కా గిన్నే ఆరాధనకు అని విడదీయడానికి దారి అక్కడే మొదలైంది.

అయితే ఆ విడిపోవడం ఒక్క రోజులో జరగలేదు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పాత రాతప్రతి దొరికింది. అందులోని ‘దిదకే’ అనే చిన్న పుస్తకం మొదటి శతాబ్దం చివరిదో, రెండో శతాబ్దం మొదటిదో. కడుపు నిండాక కృతజ్ఞతా ప్రార్థన చెయ్యమని అందులో ఉంది. ఊరూరా తిరిగే బోధకులకూ అందులో ఒక లెక్క ఉంది. ఒకరోజు, అవసరమైతే రెండోరోజు ఉండవచ్చు, మూడోరోజు ఉన్నవాడు అబద్ధ ప్రవక్త. డబ్బడిగినవాడూ అంతే. మన సభల సీజన్‌లో ఈ లెక్క పాటిస్తే ఎన్ని పందిళ్లు లేస్తాయో!

సుమారు 112లో బితూనియ గవర్నరు ప్లినీ, ఈ క్రైస్తవులు ఏం చేస్తున్నారో ఆరా తీసి రోమా చక్రవర్తి ట్రాజన్‌కు రాశాడు. సంఘంలో పరిచారకులుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను హింసించి మరీ అడిగాడు. తేలిందల్లా తెల్లవారకముందు కూడి పాడడం, తర్వాత మళ్లీ కలిసి అందరూ తినే మామూలు తిండే తినడం. సంఘాలు పెట్టుకోకూడదన్న ఆజ్ఞ వచ్చాక ఆ భోజనం కూడా మానేశామన్నారు. బలవంతం రాగానే ముందు జారిపోయింది విందే. 155 ప్రాంతంలో క్రైస్తవ రచయిత జస్టిన్ వర్ణించిన ఆదివారంలో వాక్యం, ప్రార్థన, రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం ఉన్నాయి, పూర్తి భోజనం లేదు. ఒక మంచి అలవాటు మాత్రం మిగిలింది. రాలేనివాళ్ల వంతు పరిచారకులు ఇంటికి పట్టుకెళ్లేవారు.

విందు చిన్నదైనా దాని వెనకున్న వంటిల్లు పెరిగింది. క్రైస్తవ రచయిత టెర్టులియన్ కాలానికి కార్తేజిలో నెలకోసారి ఇష్టపూర్వకంగా వేసే కానుకల పెట్టె ఉంది. అనాథలకు, ముసలి బానిసలకు, ఓడ పగిలినవాళ్లకు, గనుల్లో శిక్ష అనుభవించేవాళ్లకు, పేదల అంత్యక్రియలకు ఆ డబ్బు వాడేవారు. 251 ప్రాంతంలో రోమా సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, పేదలు 1,500 మందికి పైనే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం ఒక జప్తు జాబితా. క్రైస్తవుల మీద హింస సాగుతున్న రోజుల్లో, 303 మే 19న ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా పట్టణంలో అధికారులు క్రైస్తవులు కూడుకునే ఇంటి మీద పడి దొరికినవన్నీ రాసుకున్నారు. బంగారు గిన్నెలు 2, వెండి గిన్నెలు 6. తర్వాత ఆడవాళ్ల అంగీలు 82, ముసుగులు 38, మగవాళ్ల అంగీలు 16, మగవాళ్ల చెప్పులు 13 జతలు, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. భోజనాల గదిలో పెద్ద కుండలు 4, జాడీలు 6. గుమాస్తా సామాను లెక్క రాశాడు, మనకు మాత్రం చెప్పుల్లేని ఆడవాళ్లు ఎంతమంది ఆ గుమ్మం ఎక్కేవారో కనిపిస్తోంది.

పదేళ్లకే, క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చిన చక్రవర్తి కాన్‌స్టంటైన్ రోజులొచ్చాయి. పెద్ద పెద్ద భవనాలు లేచాయి. అంతమందికి ఒకే పంక్తి కుదరదు, పైగా పండగ విందుల్లో తాగుడు పెరిగింది. అదే శతాబ్దంలో లవొదికయ సభ చర్చిల్లో ప్రేమవిందులు వద్దంది. 397లో కార్తేజి సభ కూడా చర్చిల్లో విందులను కట్టడి చేసింది. అగస్టీన్ తల్లి మోనికా మిలాను వచ్చిన కొత్తలో అలవాటు ప్రకారం జావ, రొట్టె, ద్రాక్షారసం బుట్టలో పెట్టుకుని హతసాక్షుల సమాధులకు బయల్దేరింది. బిషప్ వద్దన్నారని కావలివాడు వాకిట్లోనే ఆపేశాడు. ఆవిడ మారుమాటాడలేదు. ఆ తర్వాత తన శక్తికొద్దీ పేదలకే పెట్టింది.

చాలా శతాబ్దాల తర్వాత, 1727లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ సంఘంవాళ్లు ఆ విందును మళ్లీ లేపారు, వాళ్లను చూసి మెథడిస్టు బోధకుడు వెస్లీ అందుకున్నాడు. మన దేశానికి వచ్చేసరికి పంక్తికి కులం అడ్డమైంది. ఎవరు వండినా తినగలరా అన్నదాన్నే కులం వదిలినందుకు పరీక్షగా పెట్టాలని 1850లో మద్రాసు మిషనరీల సమావేశం తీర్మానించింది. భక్తసింగ్ సంఘాల్లో, హైదరాబాద్ హెబ్రోనులో, ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కలిసి తినడం వాడుకైంది.

కిందటి క్రిస్మస్‌కి మా వీధి చర్చి గేటు దగ్గర లైన్లో నా ముందున్నావిడ రెండో ప్యాకెట్ అడిగింది. టోకెన్‌కి ఒక్కటేనక్కా అన్నాడు కుర్రాడు.

“మా అత్తకి తమ్ముడూ. మంచం దిగలేదు, పళ్లూ లేవు.”

వాడు కట్టి ఉన్న ప్యాకెట్ పక్కన పెట్టాడు. డేగిసా మూత తీసి, గరిటెతో అటూ ఇటూ వెతికి, ఎముక లేని ముక్కలు ఏరి వేరే పొట్లం కట్టాడు. వెనక లైను ఆగింది.