నీటిని వదలని విమానం

2024 నవంబరు 9న విజయవాడ వద్ద, ప్రకాశం బారేజికి ఎగువన, కృష్ణానది నీటి మీద నుంచి ఒక విమానం లేచి శ్రీశైలం జలాశయంలో దిగింది. అది కెనడాలోని డి హావిలాండ్ సంస్థ తయారు చేసిన ట్విన్ ఆటర్. ఆ పరీక్షా ప్రయాణాన్ని ఒడ్డు నుంచి చూసినవారు రెక్కలను, గిర్రున తిరిగే పంకాలను చూసి ఉంటారు. విమానం కింద పడవల వంటివి రెండు ఉన్నవి కదా, వాటి అడుగుభాగాన్ని గమనించినవారు తక్కువ. వీటిని ఫ్లోట్లు అంటారు. వీటి అడుగు ముందు నుంచి వెనుక దాకా నున్నగా సాగిపోదు. దాదాపు నడుమకు వచ్చేసరికి హఠాత్తుగా పైకి తెగి, అరుగుకు కట్టిన మెట్టు వలె కనిపిస్తుంది. రేడియోతో నడిపే చిన్న నమూనా జలవిమానాన్ని కట్టే విద్యార్థి కూడా థర్మోకోలు ఫ్లోట్ల కింద సరిగ్గా అటువంటి మెట్టునే కోస్తాడు. అది లేకపోతే, ఆ విమానం చెరువంతా పడవలా తిరుగుతుంది గాని గాలిలోకి లేవటం చాలా కష్టం.

ఒక కోతకు ఇంత మహిమ ఎక్కడ నుంచి వచ్చింది? ఇది తెలియటానికి ముందు నీటి స్వభావం కొంచెం తెలియాలి.

నిలిచి ఉన్న పడవను ఆర్కిమెడీస్ సూత్రం మోస్తుంది. పడవ కదలగానే నీటిని పక్కకు తోసి అలలను లేపుతుంది. వేగం పెరిగిన కొద్దీ ముక్కు దగ్గరి అల పెద్దదవుతుంది. పడవ తాను లేపిన అల మీదికి తానే ఎక్కవలసిన దుస్థితి ఏర్పడుతుంది. నీటి నిరోధాన్ని వేగంతో పోల్చి రేఖాపటం గీస్తే ఈ చోట ఎద్దు మూపురం వంటి వంపు కనబడుతుంది. ఆ మూపురం దాటగలిగితే కథ మారుతుంది. చెరువు మీద పలుచని పెంకును అడ్డంగా విసిరితే అది మునగకుండా కప్పగంతులు వేస్తుంది కదా! అదే విధంగా వేగంగా పోయే ఫ్లోటును కూడా అడుగున తగిలే నీరే పైకి నెట్టి, నీటి మీద జారేటట్లు చేస్తుంది. అప్పుడు నిరోధం తగ్గుతుంది.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. గాలిలోకి లేవటానికి విమానం ముక్కు కొంచెం పైకెత్తాలి. అంటే తోక కిందికి దిగాలి. తోకకు చోటివ్వటానికి ఫ్లోటు వెనుక భాగాన్ని పైకి వంచక తప్పదు. కాని వంపు తిరిగిన తలాన్ని పారే నీరు అంత తేలికగా వదలదు. ఇంటి వద్ద కుళాయి తిప్పి, సన్నని ధారకు ఒక చెంచా వీపును తాకించి చూడండి. ధార చెంచాను అవతలికి నెట్టుతుందని మనం అనుకుంటాం. కాని చెంచా ధారలోకే లాగబడుతుంది. నున్నని అడుగు గల ఫ్లోటుకు జరిగేదీ ఇదే. వేగం పెరిగిన కొద్దీ వెనుక వంపును నీరు ఇంకా గట్టిగా పట్టి కిందికి గుంజుతుంది. మెట్టు ఉన్నచోట మాత్రం నీరు వంపు వెంట పోలేక తెగిపోతుంది. ఆ సందులోకి గాలి చొరబడుతుంది. నీటి పట్టు విడిపోతుంది.

ఈ ఉపాయం మొదట విమానాల కోసం పుట్టినది కాదు. 1872లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతపు క్రైస్తవ మతాచార్యుడు చార్లెస్ మీడ్ రామస్, ఓడ అడుగున మెట్టు కడితే అది నీటి మీద జారుతూ మహావేగంతో పోగలదని బ్రిటిష్ నౌకాశాఖకు వ్రాశాడు. నౌకాశాఖవారు ఆ కాగితాన్ని బుట్టలో వేయక, విలియమ్ ఫ్రూడ్ అనే ఇంజనీరుకు పంపారు. ఫ్రూడ్ అప్పుడే టోర్కీ పట్టణంలో ఒక పొడవైన నీటి తొట్టిని కట్టించి, మైనపు ఓడ నమూనాలను అందులో లాగి, వాటి మీద పడే నిరోధాన్ని కొలుస్తున్నాడు. రామస్ చెప్పిన ఆకారాన్ని కూడా ఆయన పరీక్షించాడు. ఓడ జారవలసినంత వేగం రావటానికి కావలసిన శక్తిని ఆనాటి బరువైన ఆవిరి యంత్రాలు ఇవ్వలేవని తేలింది. ఆ ప్రతిపాదన అంతటితో ఆగిపోయింది. ఇందులో మతాచార్యుని ఆలోచన తప్పు కాదు. ఫ్రూడ్ తీర్పూ తప్పు కాదు. తేలికైన ఇంజను పుట్టకముందే దానికి తగిన ఆకారం పుట్టింది, అంతే.

తరువాతి నలభై ఏళ్ళలో పెట్రోలు ఇంజను వచ్చింది. 1908లో అమెరికాలో గ్లెన్ కర్టిస్ తన జూన్ బగ్ విమానానికి ఫ్లోట్లు తగిలించి, లూన్ అని పేరు మార్చి, క్యూకా సరస్సులో పరుగెత్తించాడు. లూన్ అనేది నీటి పక్షి పేరు. పేరు పక్షిదే అయినా విమానం నీటిని వదలలేదు. మొదటి విజయం ఫ్రాన్సులో హెన్రీ ఫాబర్‌కు దక్కింది. 1910 మార్చి 28న మార్సెయి నగరానికి సమీపంలోని బెర్ ఉప్పునీటి సరస్సు నుంచి, 50 అశ్వశక్తుల గ్నోమ్ ఇంజనుతో లేచి, ఆయన సుమారు అర కిలోమీటరు దూరం ఎగిరాడు. అంతకు ముందు ఆయన ఎన్నడూ విమానం నడిపినవాడు కాడు! ఫాబర్ ఫ్లోట్లకు అడుగు చదును, పైన వంపు. అడుగున వంపే లేదు కాబట్టి నీటి గుంజుడు కూడా ఎక్కువ లేదు. 1911 జనవరి 26న కర్టిస్ కూడా శాన్ డియాగో అఖాతంలో చదునైన ఫ్లోటుతోనే ఎగిరాడు.

చదును అడుగు ప్రశాంతమైన నీటికి సరిపోతుంది. అలల మీద పడితే దెబ్బలు తింటుంది. అందుచేత కర్టిస్ 1912లో విమానపు శరీరాన్నే పడవగా మలిచాడు. ఆ ఎగిరే పడవకు ఇంజను బలం చాలినంత ఉన్నా అది నీటిని వదలలేదు. కర్టిస్ ఒక మోటారు పడవలో దాని పక్కనే పోతూ, అడుగును నీరు ఎట్లా అంటిపెట్టుకొని ఉన్నదో చూసి, అక్కడ చెక్కముక్కలు కొట్టించి మెట్టు చేయించాడని చెబుతారు. అప్పుడు విమానం లేచింది. అయితే ఈ ఘనతనంతా కర్టిస్‌కే ఇవ్వటం న్యాయం కాదు. 1910 ప్రాంతంలోనే వేగపు మోటారు పడవలకు మెట్లు వస్తున్నాయి. 1911 నవంబరు 25న ఇంగ్లండులోని విండర్‌మియర్ సరస్సు నుంచి లేచిన వాటర్‌బర్డ్ విమానపు ఫ్లోటుకు మెట్టు ఉన్నది. (ఆ సరస్సు మీద విమానాల రొద వద్దని పోరాడినవారిలో పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ఒకరు.) 1872 నాటి ఆలోచన తేలికైన ఇంజను రాగానే పలుచోట్ల మళ్ళీ తల ఎత్తిందని చెప్పటమే సత్యానికి దగ్గర.

ఇంతవరకు విమానంలో మనిషి ఉన్నాడు. మనిషి లేకుండా ఒడ్డున నిలబడి నడిపే విద్య కూడా నీటి మీదనే మొదలయింది. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికొలా టెస్లా ఒక తొట్టిలో చిన్న పడవను, తీగలేమీ లేకుండా, రేడియో తరంగాలతో తిప్పి చూపించాడు. జలవిమానానికి ఈ విద్య అబ్బటానికి కారణం బ్రిటిష్ నౌకాదళంలో వచ్చిన ఒక వాదం. ఓడల మీది ఫిరంగులు విమానాలను కూల్చగలవా, లేవా? ప్రాణమున్న మనిషిని కూర్చోబెట్టి పరీక్షించలేరు గదా! 1932లో ఫెయిరీ 3ఎఫ్ అనే ఫ్లోట్ల విమానాలను మూడింటిని రేడియోతో నడిచేటట్లు మార్చి, ఫెయిరీ క్వీన్ అని పేరు పెట్టారు. మొదటి రెండూ పైకి లేచిన కొద్ది సేపటికే కూలిపోయాయి. మూడవది 1933 జనవరిలో మధ్యధరా సముద్రం మీద ఎగురుతూ, దాదాపు రెండు గంటలసేపు నౌకల కాల్పులకు ఎదురు నిలిచి, చెక్కు చెదరకుండా తిరిగి వచ్చింది. రేడియో గెలిచింది, ఫిరంగుల మీద నమ్మకం పెట్టుకున్న నౌకాధిపతులకు మాత్రం అది చేదు వార్త.

1935లో దాని తరువాతి తరమైన క్వీన్ బీ వచ్చింది. క్వీన్ బీ అంటే రాణి ఈగ. దానిని చేసినది ఇంగ్లండులోని డి హావిలాండ్ సంస్థ. మన కృష్ణ మీద ఎగిరిన విమానపు సంస్థ ఆనాడు దానికి కెనడా శాఖ. సముద్రంలో పడినా తేలాలని క్వీన్ బీ శరీరాన్ని కొయ్యతో కట్టారు. నడిపేవాని ముందు టెలిఫోను అంకెల చక్రం వంటిది ఒకటి ఉండేది. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క ఆజ్ఞ. నేటి డ్రోన్ అనే మాటకు మూలం ఈ రాణి ఈగే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. తేనెటీగలలో మగ ఈగను ఆంగ్లంలో డ్రోన్ అంటారు.

సైన్యం చేతిలోని ఈ విద్యను పిల్లల చేతికి దించినవారిలో అమెరికా కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ ముఖ్యులు. కాలమజూ పట్టణంలో 8 అడుగుల రెక్కలతో కట్టిన తమ గఫ్ నమూనాను వీరు 1937లో రేడియోతో ఎగరవేశారు. మరుసటి ఏడు జాతీయ పోటీలో నెగ్గారు. చక్రాల మీద నడిచిన ఆ విమానం 1960లో స్మిత్‌సోనియన్ సంస్థ ప్రదర్శనశాలకు చేరింది. తరువాతి కాలపు నమూనాలలో చుక్కానిని తిప్పటానికి మెలివేసిన రబ్బరు పట్టీని వాడేవారు. ఒక రేడియో సంకేతం అందితే పట్టీ పావు చుట్టు విడుతుంది: కుడి, తిన్నగా, ఎడమ, మళ్ళీ తిన్నగా. ఎడమకు తిరగాలంటే ముందు కుడిని దాటవలసిందే! ట్రాన్సిస్టర్లు, చిన్న సర్వో మోటార్లు వచ్చిన తరువాత ఈ అవస్థ తీరింది. నేటి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు అరచేతిలో ఇముడుతాయి.

రేడియో సులభమయింది గాని నీరు మారలేదు. ఫ్రూడ్ కనుగొన్న నియమం నమూనా కట్టేవారికి నేటికీ అవసరం. పొడవును 16వ వంతు చేస్తే, అలల తీరు అసలుదాని వలెనే ఉండటానికి వేగం 16కు వర్గమూలమైన 4వ వంతు కావాలి. బరువు 16 × 16 × 16, అంటే 4,096వ వంతు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో లేచే 2,000 కిలోల విమానానికి నమూనా అర కిలో తూగి, 25 కిలోమీటర్ల వేగంతో లేవాలి. కాని నీటి స్నిగ్ధత, తలతన్యత ఆకారంతో పాటు చిన్నవి కావు. నీటిబొట్టు పెద్ద విమానానికీ చిన్న విమానానికీ ఒకే పరిమాణంలో ఉంటుంది. 10 సెంటీమీటర్ల అల ఈ నమూనాకు మనిషి ఎత్తు కెరటంతో సమానం. అందుచేత లెక్క ప్రకారం వచ్చే శక్తి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ శక్తిగల మోటారును వాడుతారు.

ఫ్లోట్ల పరిమాణం తేలికైన లెక్క. 2 కిలోల విమానం తేలటానికి 2 లీటర్ల నీటిని తొలగిస్తే చాలు. కాని గాలి తోసినా, ఒక పక్కకు ఒరిగినా మునగకుండా రెండు ఫ్లోట్లూ కలిసి 4 లీటర్ల ఘనపరిమాణం ఉండటం మంచిది. పొడవు విమాన శరీరంలో ముప్పాతిక వంతుకు దగ్గరగా ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం మెట్టు ఉండే చోటు. అది గురుత్వ కేంద్రానికి రవ్వంత వెనుక ఉండాలి. బాగా వెనక్కు పోతే ముక్కు పైకి లేవదు. ముందుకు వస్తే విమానం తోక మీద కూలబడి మూపురం దాటదు. లేచేటప్పుడు మొదట ముక్కును పైకి పట్టి, మూపురం దాటిన వెంటనే పట్టు సడలించి, ఫ్లోట్లు మెట్టు మీద నిలిచి జారేటట్లు చేస్తారు. ఇంజను ఆగి నమూనా చెరువు నడుమ ఉండిపోతే పడవ మీద పోయి తేవాలి గాని, ఎంత ఈత వచ్చినా దాని కోసం నీటిలో దూకరాదు.

పాఠశాలలో రేడియో పరికరాలు లేకపోయినా మెట్టును పరీక్షించవచ్చు. సుమారు 30 సెంటీమీటర్ల పొడవుగల రెండు థర్మోకోలు దిమ్మెలు తీసుకొని, రెంటి అడుగునూ వెనుకవైపు ఒకే విధంగా పైకి వంచండి. ఒకదానికి నడుమ ఒక సెంటీమీటరు మెట్టు కోయండి. రెంటి బరువులూ సమానం చేసి, ఒక్కొక్క దిమ్మెను దారంతో స్ప్రింగు త్రాసుకు కట్టి, లోతు తక్కువైన పొడవాటి నీటి తొట్టి గట్టు వెంట లాగుతూ నడవండి. మెల్లని నడకలో మెట్టు దిమ్మెకే నిరోధం కొంచెం ఎక్కువగా కనబడవచ్చు. పరుగు అందుకున్న తరువాత త్రాసు ముల్లును చూడవలసిన పని ఒక విద్యార్థికి, రెండు దిమ్మెల వెనుక నీరు ఎక్కడ తెగుతున్నదో చూసే పని మరొకరికి అప్పగించండి.