లారెన్సు సహోదరుఁడు

లారెన్సు సహోదరుఁడు (సుమారు 1614–1691): ఫ్రెంచి కర్మెలీయ మఠవాసి. పూర్వనామము నికొలా ఎర్మాన్, లొరేన్ ప్రాంతీయుఁడు. యౌవనమున సైనికుఁడై, ముప్పదియేండ్ల యుద్ధమున గాయపడి కుంటివాఁడై, 1640లో పారిసునందలి పాదరక్షారహిత కర్మెలీయుల మఠమున గురుపట్టము లేని సహోదరునిగాఁ జేరెను.

పూర్ణహృదయముతో దేవుని ప్రేమింపవలెనని ద్వితీయోపదేశకాండమునను సువార్తలయందును విధింపఁబడిన యాజ్ఞను ఏకాంతధ్యానమునకే పరిమితము గావింపక, పొయ్యికడ నాచరించి చూపుట యీతని విశిష్టత. స్వభావముచేఁ దనకు మిక్కిలి రోఁతయైన వంటపనిని సుమారు 15 ఏండ్లు నిర్వహించుచు, పెనముమీఁది గ్రుడ్డట్టును తిరుగవేయుటయు, నేలఁబడిన గడ్డిపోచ నెత్తుటయు దైవప్రీత్యర్థమే యని భావించి, ప్రార్థనాసమయమునకును పనివేళకును భేద మెంచఁడయ్యెను. ద్రాక్షారసము కొనుటకై బుర్గుండికిఁ బంపఁబడినపుడు, కుంటికాలితో పడవలోని పీపాలపై దొర్లుచు కదలవలసివచ్చినను కలఁతపడలేదఁట. తప్పు చేసినచో దేవునికి నివేదించి, దానినే తలపోయుచుఁ గూర్చుండక పనికి మరలెడివాఁడు. భక్తులు పలువురికిఁ గొఱవడిన యీ గుణమే యాతని బోధలో శ్రేష్ఠాంశమని చెప్పనగును. కాలినొప్పి ముదిరిన పిమ్మట చెప్పులు బాగుచేయు పనికి మార్పఁబడెను.

జీవితకాలమున నాతఁడు గ్రంథమేదియుఁ బ్రకటింపలేదు. మరణానంతరము ఆతని లేఖలను, సంభాషణలను జోసెఫ్ ద బోఫోర్ అను గురువు సంకలించి 1692, 1694 సంవత్సరములలో వెలువరించెను. దైవసాన్నిధ్యాభ్యాసమును గూర్చిన యీ చిన్న పొత్తమును కథోలికులేగాక ప్రొటెస్టంటులును నేఁటికిని జదువుచున్నారు.